తుంగభద్ర నీళ్ళ వంగమొక్క

మండపేట దగ్గర కాలవగట్టు మీద ఇల్లు జగన్నాథరావు గారిది. ఇక్కడ ఎకరం అమ్మితే కర్ణాటకలో, సింధనూరు వైపు ఆరెకరాలు వస్తున్న తొంభైల నాటి రోజులవి. ఊళ్ళో సగంమంది బేరాల్లో ఉన్నారు. ఉన్న రెండెకరాలూ అమ్మేసి వెళ్ళిపొమ్మని బ్రోకరు హరిబాబు రోజూ చెవిలో పోరేవాడు. రావు గారు తొందరపడే మనిషి కాదు. చొక్కాగుడ్డ కొన్నా నలిపి, వాసన చూసి, ఎండకు పట్టి చూస్తారు. అందుకే సింధనూరు వెళ్ళి తువ్వాల్లో నల్లమట్టి మూటగట్టి తెచ్చుకుని, కుండీలో వంగమొక్క నాటారు. మొక్క ఏపుగా లేచింది.

"మట్టి అక్కడిదే గానీ, నీళ్ళు మన కాలవవే కదండీ" అంది ఆయన భార్య.

ఆ మాట ఆయనకు సబబుగా తోచింది. ఆనాటి నుంచి, అటు కొబ్బరికాయలు తోలే లారీ తిరిగొచ్చేటప్పుడు అక్కడి పొలాలకి పారే తుంగభద్ర నీళ్ళు వారానికో క్యాను తెచ్చేది. పొద్దున్నే పీట వేసుకుని ఆయనే గ్లాసుతో పోసేవారు. శ్రావణంలో వాన పట్టుకుంటే కుండీకి గొడుగు పట్టారు. అంతలో లారీల సమ్మె వచ్చింది. మొక్క తల వాల్చేసింది.

"కాలవ గుమ్మంలోనే ఉందిగా, ఒక్క చెంబుడు పోస్తానండీ!"

"ముట్టుకోకు. అక్కడికెళ్తే ఈ కాలవ వెంట వస్తుందా?"

పదో రోజుకి మొక్క ఎండిపోయింది. మర్నాడు హరిబాబు వచ్చేసరికి రావు గారు నిండుకాలవలో మోకాళ్ళదాకా దిగి ముఖం కడుక్కుంటున్నారు.

"లాభం లేదు హరిబాబూ" అన్నారు నీళ్ళు పుక్కిలించి ఉమ్మి. "అక్కడ నీళ్ళకి మహా కటకటగా ఉంది."