పిగిలిపిట్ట పిల్లను సాకింది నేను కాదు

నాచారంలో మేము అద్దెకున్న గల్లీలో ఇప్పటికీ చెప్పుకుంటారట, పిగిలిపిట్ట పిల్లను నేను చేత్తో సాకి బతికించానని. అది నిజం కాదు. నా మొండితనానికి ఆ పిల్ల చచ్చిపోవలసింది.

ఉప్పల్ రోడ్డు మీద మెట్రో పిల్లర్లు లేస్తున్న రోజులవి. మా గేటు పక్కన ఓనరమ్మ పెంచిన కరివేపాకు చెట్టుండేది. దాని నల్లటి పండ్ల కోసం పొద్దున్నే పిగిలిపిట్టలు వాలేవి. నెత్తిన నల్లటి కుచ్చు, తోక కింద ఎర్రటి మచ్చ. పండును గుటుక్కున మింగి, గింజలను నా స్కూటర్ సీటు మీద వదిలిపోయేవి. రోజూ ఆ సీటు తుడిచేవాణ్ని కనుక, అవి పండ్లు తప్ప ఇంకేమీ తినవని నాకు గట్టి నమ్మకం.

ఒక పెద్ద వానకు ఆ చెట్టు మీది గూడు చెదిరి పిల్ల ఒకటి కింద పడింది. రెక్కలు సగమే మొలిచాయి. గల్లీ నిండా పిల్లులు. తెచ్చి చెప్పుల డబ్బాలో పాతబట్ట పరిచి పెట్టాను. బొప్పాయి గుజ్జు పెట్టాను, ఓనరమ్మ కలిపిచ్చిన పాలన్నం పెట్టాను. నోరు తెరవదు. కిటికీ అవతల పెద్ద పిట్టలు రెండూ ఒకటే అరుపు. ఆ గోల భరించలేక కిటికీ మూశాను.

డబ్బాను బయట పెట్టమంది నా భార్య. మనిషి చెయ్యి తగిలిన పిల్లను తల్లి దగ్గరికి రానివ్వదని మా ఊళ్లో అందరూ అనేవారు. నేనూ అదే అన్నాను. ఓనరమ్మ కూడా నిజమేనంది. మర్నాడు సాయంత్రానికి పిల్ల మెడ వాల్చేసింది.

"రానియ్యదంటవ్. మరి అది కిటికి కాడ ఎవలి కోసం మొత్తుకుంటున్నది? నీ కోసమా?" అంది నా భార్య.

 డబ్బా పట్టుకెళ్లి కరివేపాకు కొమ్మల మధ్య తాడుతో కట్టింది.

వాన అప్పుడే వెలిసింది. గోడ పగుళ్లలోంచి ఉసిళ్లు బిలబిలా లేచాయి. తల్లిపిట్ట కొమ్మ మీంచి దూకి, గాల్లోనే గిర్రున తిరిగి, ఒక ఉసిలిని ముక్కున పట్టింది.  డబ్బా అంచున వాలింది. పిల్ల తల ఎత్తింది. ఎర్రటి నోరు, ఆ ఒంటికి అంత నోరుందని నాకు తెలియనే తెలియదు! ఉసిలి లోపలికి పోయింది. ఇంకోటి. మళ్లీ ఇంకోటి. మగపిట్ట నిమ్మచెట్టు మీంచి పచ్చపురుగును తెచ్చింది. నేను చెప్పులు లేకుండా బురదలో నిలబడ్డానని కూడా గమనించలేదు.

ఓనరమ్మ కొంగు నెత్తిన వేసుకొని వచ్చి చూసింది. "పురుగులు తింటదానే ఇది? మనం పాలన్నం పెడ్తిమి గద" అంది.

కొన్నాళ్లకు పిల్ల డబ్బా అంచుకెక్కి రెక్కలు కొట్టడం మొదలుపెట్టింది. పడితే పట్టుకుందామని కింద రెండు చేతులూ చాచి నిలబడ్డాను. అది పడలేదు. నా తల మీదుగా ఎగిరి కరెంటు తీగ మీద కూర్చుంది. పక్కింటాయన డాబా మీంచి చూసి, "అన్నా, మస్తు సాకినవే" అన్నాడు.

నా భార్య నా వైపు చూసింది. నేను పక్కింటాయనకు అవునన్నట్టు తలూపాను.

"ఇగ దించు చేతులు" అంది ఆమె.