రుజువుగారి ఖాతాలో పడ్డ పరాయి సొమ్ము

ఆ అత్తగారికి ఉన్నది ఒకటే జబ్బు: అవతలి మనిషి తాను ఫలానా అని రుజువు చూపించేదాకా ఆవిడ నమ్మదు. వీధి వీధంతా ఆవిడను ‘రుజువుగారు’ అంటుంది. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో కూడా ఆవిడ ఆరా తీసింది గాని, రుజువులు దొరకలేదు.

కట్టుకున్న మొగుడు కూరలు తెచ్చి తలుపు కొట్టినా అంతే.

“ఎవరు?”

“నేనే.”

“నేనే అని అందరూ అంటారు. పొద్దున మిమ్మల్ని దేనికి తిట్టాను?”

“దేనికని చెప్పను, ఒకటా రెండా?”

తలుపు తెరుచుకునేది. ఆ జవాబు బయటివాడు చెప్పలేడు మరి.

ఇక ఫోనులో డబ్బు పంపడమంటే పెద్ద తతంగం. పాలవాడికైనా సరే, ముందు కాస్త చిల్లర పంపి, అతనికి ఫోను చేసి, ఎంత పడిందో నోటితో చెప్పించుకుని, అతని పెళ్ళాన్ని పిలిచి ఆ గొంతు మొగుడిదేనని ఒప్పించుకున్నాక గాని మిగతాది పంపేది కాదు. ఈలోగా అతని బండి మీద పాలు విరిగేవి.

ఇలాంటి ఇంటికి వచ్చిన కోడలు బ్యాంకులో ఫిర్యాదుల బల్ల దగ్గర పనిచేస్తుంది. ఆ బ్యాంకు గోడ మీద ఇంతింత అక్షరాలతో ‘రెప్పపాటులో డబ్బు’ అని రాసి ఉంటుంది. రెప్పపాటులో తప్పు చోటికి పోతే ఏం చెయ్యాలో మాత్రం రాయలేదు. అది నోటితో చెప్పడానికే కోడలికి జీతం. “నంబరు నొక్కింది మీరే కదండీ, బాధ్యత మీదే” అని రోజంతా వచ్చినవాళ్ళకు అప్పజెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి అత్తగారి చాదస్తం చూసి తల పట్టుకునేది.

ఒకరోజు మధ్యాహ్నం అత్తగారే ఆ బల్ల ముందుకొచ్చి కూర్చుంది.

“అమ్మాయ్, నా ఖాతాలో ఎవరిదో డబ్బు పడింది. పెద్ద మొత్తమే. వెనక్కి పంపించెయ్యి.”

కోడలు మేనేజరును పిలిచింది. పంపినవాడు ముందు తన బ్యాంకులో ఫిర్యాదు ఇవ్వాలనీ, ఆ బ్యాంకు ఈ బ్యాంకును అడగాలనీ, అందరూ విచారించుకున్నాక నెల రోజుల్లో ఏదో ఒక సంగతి తేలుతుందనీ ఆయన చల్లగా చెప్పాడు.

“రావడానికి రెప్పపాటు, పోవడానికి నెలా?”

“పద్ధతి ఉంటుంది కదమ్మా.”

“పోనీ, నగదుగా తీసుకోవచ్చా?”

“మీ ఖాతాలో ఉన్నది మీరు తీసుకోకూడదని మా రూల్సులో ఎక్కడా లేదు.”

పరాయి సొమ్ము సొంతదారుకు చేర్చాలంటే నెల పడుతుంది, కాజేసేవాళ్ళకు మాత్రం కిటికీ తెరిచే ఉంటుంది. అత్తగారు ఆ సొమ్మంతా తీసి సంచిలో పెట్టుకుంది. అంతలో ఆవిడ ఫోను మోగింది.

“అమ్మా, నేను టైలర్నండి. కొత్తగా షాపు తీసుకుంటున్నానండి. ఓనరుగారికి పంపాల్సిన అడ్వాన్సు, ఫోను నంబరులో ఒక అంకె తప్పు కొట్టి మీకు పంపేశాను. నేను కూడబెట్టిందంతా అదేనండి. సాయంత్రంలోగా కట్టకపోతే షాపు ఇంకొకరికి ఇచ్చేస్తానంటున్నారు.”

“నువ్వు టైలరువని ఏంటి రుజువు?”

కోడలికి ప్రాణం చచ్చిపోయింది. అత్తగారు మాత్రం ఫోను చెవికి ఆనించుకునే బయటికి నడిచింది.

“షాపు ఎక్కడ?”

“పాత సినిమా హాలు వెనకండి.”

“వెనకంటే? టికెట్ల వైపా, సైకిళ్ళు పెట్టే వైపా?”

“సైకిళ్ళ వైపండి.”

“షట్టరు ఏం రంగు?”

“ఆకుపచ్చండి. అమ్మా, డబ్బు పంపిస్తారా?”

“మెట్లెన్ని?”

కోడలు పూట సెలవు పెట్టి వెనకాలే పరుగెత్తి, అత్తగారితో పాటు టాక్సీ ఎక్కింది.

“అత్తయ్యా, పాపం ఆయన గొంతు వణుకుతోంది. ఇంక వదిలెయ్యండి.”

అత్తగారు ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి డ్రైవరు వైపు వంగింది. “బాబూ, పాత సినిమా హాలు వెనక్కి పోనీ. సైకిళ్ళు పెట్టే వైపు.”

అప్పుడు వెలిగింది కోడలికి. ఇంతసేపూ ఆవిడ చేస్తున్నది విచారణ కాదు, దారి అడగడం.

“మళ్ళీ ఫోనులో పంపితే, మళ్ళీ ఒక అంకె తప్పితే?” అంది అత్తగారు. “చేతికిస్తే చేతికే పోతుంది.”

ఆకుపచ్చ షట్టరు ముందు బక్కపలచటి మనిషి ఒకడు ఫోనులో ఇంకా మెట్లు లెక్కపెడుతున్నాడు. ఓనరు తాళం పట్టుకుని నిలబడ్డాడు. పక్కన ఇంకో ఆసామి డబ్బు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. అత్తగారు టాక్సీ దిగి నేరుగా ఓనరు దగ్గరికి వెళ్ళింది.

“ఈ షాపు మీదే అని ఏంటి రుజువు?”

“నాదేనమ్మా, మా నాన్న కట్టించాడు.”

“ఆయన మీ నాన్నేనా?”

ఓనరు కరెంటు బిల్లు తేవడానికి మేడెక్కాడు. డబ్బు పట్టుకున్న ఆసామి, తన వంతు వచ్చేలోగా జారుకున్నాడు. ఈలోగా ఆవిడ టైలరు ఫోనులోని మెసేజీ, తన ఫోనులోని మెసేజీ పక్కపక్కన పెట్టి చూసి, సంచి అతని చేతిలో పెట్టింది. బిల్లుతో దిగిన ఓనరు అడ్వాన్సు తీసుకుని రసీదు రాసి తాళం ఇచ్చేశాడు. టైలరు ఏడవబోయి నవ్వేశాడు.

తిరిగి వస్తుంటే కోడలు అడిగింది. “ఒకవేళ అతను దొంగైతేనో అత్తయ్యా?”

“దొంగకి అంత ఓపికెక్కడిదే? రెండో ప్రశ్నకే ఫోను పెట్టేస్తాడు. నిజంగా డబ్బు పోయినవాడే మెట్లు కూడా లెక్కపెట్టి చెప్తాడు.”

కోడలికి అత్తగారి మీద పుట్టెడు ప్రేమ కలిగింది. రోజూ తాను అప్పజెప్పే పాఠం తలుచుకుంటే సిగ్గు కూడా వేసింది.

టాక్సీ ఇంటి ముందు ఆగింది. “ఈ నంబరుకి కొట్టండమ్మా” అన్నాడు డ్రైవరు.

“నీ నంబరేనా?”

“మా బావమరిదిదండి.”

దిగబోయిన అత్తగారు మళ్ళీ సీట్లో సర్దుకుని కూర్చుంది. “నీకు బావమరిది ఉన్నాడని ఏంటి రుజువు?”

కోడలు ఈసారి అడ్డుపడలేదు. ఇంజను ఆపుకోమని మాత్రం డ్రైవరుకు చెప్పింది.