తూము లేని ఊరు

హనుమకొండ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే సుందర్ రావుకు ఒక పిచ్చి ఉండేది. మనిషి తన లాభం తాను చూసుకుంటే చాలు, ఊరు దానంతటదే బాగుపడుతుందని. క్లాసులో ఆ మాట ఎత్తుకుంటే గంట కొట్టినా దించేవాడు కాదు. ఎనభై ఆరులో కాలేజీకి కంప్యూటర్ రాగానే ఆ పిచ్చికి కాళ్లొచ్చాయి. సెలవులన్నీ దాని ముందే కూర్చుని సొంతంగా ఒక వీడియో గేమ్ రాసిపడేశాడు. అందులో ఒక ఊరు. పంచాయితీ లేదు, ఉమ్మడి చెరువు లేదు. ఎవరి పొలం వారిది, ఎవరి బోరు వారిది. మీట నొక్కితే ఒక పంటకాలం గడిచేది. ఎన్నిసార్లు ఆడినా ఊరు బాగుపడేది.

ఆయన అన్న దానియేలు ఊళ్లో నీరటి. చెరువు తూము తెరిచి, వంతుల ప్రకారం ప్రతి మడికీ నీళ్లు పారించడం ఆ ఇంటివాళ్లకు తాతల నాటి పని. ఆ పనికి వచ్చే గింజలతోనే తమ్ముణ్ణి చదివించాడు. ఆ ఏడు వానలు తగ్గి వంతుల దగ్గర తగాదాలు ముదిరాయి. చెరువును వదిలేసి ఎవరి బోరు వాళ్లం వేసుకుందామని కొందరు పట్టుబట్టారు. తమ్ముణ్ణి అడుగుదామన్నది దానియేలే. పెద్ద రైతు రాజేశ్వర్ రావును వెంటబెట్టుకుని కాలేజీకి వచ్చాడు.

తెర మీద వడ్ల రాశులు పెరుగుతుంటే దానియేలు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

"మరి గిండ్ల నీరటి ఏడున్నడు తమ్మీ?"

"నీరటి అక్కర్లేదన్నా. ఎవల నీళ్లు వాళ్లకున్నయి గద. నువ్వు గూడ బాయి తవ్వుకో, రాజోలె బతుకుతవు."

"సూసినవా దొరా, మావోడు ఎట్ల సూపెట్టిండో!" అని దానియేలు రాజేశ్వర్ రావు వైపు తిరిగి మురిసిపోయాడు. ఊరికి పోయి, పంచాయితీలో నిలబడి, తన నీరటి పని తానే వదులుకున్నాడు.

బోర్లు పడ్డాయి. కాలువ పూడిక తీయడం ఎవరి పనీ కాకపోయేసరికి చెరువు ఎండింది. రాజేశ్వర్ రావు బోరు లోతుకు దిగేకొద్దీ చుట్టుపక్కల బావులు అడుగంటాయి. అన్నిటికంటే ముందు, తమ్ముడి మాట విని దానియేలు తవ్వుకున్నదే. తాను చేసిన ఘనకార్యం అప్పుడు తెలిసింది సుందర్ రావుకు. ఆటలో ఒక్కో బోరు కింద వేరే నీళ్లు పెట్టాడు. భూమి కింద అందరి నీళ్లూ ఒకటేనన్న సంగతి, నీరటి ఇంట పుట్టినవాడికి, తట్టనే లేదు. ఆ సంగతి చేర్చి ఆడాడు. ఊరు చచ్చింది. వానలు పెంచి ఆడాడు. కాస్త ఆలస్యంగా చచ్చింది, అంతే. ఆట ఆపేశాడు.

మరుసటి వేసవిలో దానియేలు, భార్య రూతు మూటలతో వచ్చారు. హైదరాబాద్‌లో బిల్డింగు పనికి పోతున్నారు. రైలుకింకా టైముందని కాలేజీకి వచ్చారు. అన్న ముఖంలో కోపం లేదు. తిట్టినా బాగుండునని సుందర్ రావుకు అనిపించింది.

"ఇంకోపారి పెట్టరాదు తమ్మీ," అన్నాడు దానియేలు. "గీపారి తూము కాడ నన్ను నిలవెట్టు. ఊరు మల్ల మంచిగైతదేమో."

సుందర్ రావుకు దుఃఖం ఆగలేదు. "అట్ల కాదన్నా. అది ఉత్త ఆటనే."

దానియేలు లేచాడు.

"గా మాట అప్పుడు అనకపోతివి గదరా," అని మూట భుజానికెత్తుకుని, రూతుతో కలిసి స్టేషను దారి పట్టాడు.