జనవరికి వాయిదా వేసిన గుండె

మా పక్కింటి అంకుల్ పోయారు. డిసెంబరు మొదట్లో ఒక పొద్దున పెరట్లో బట్టలు ఆరేస్తూ కూలిపోయారు. అంబులెన్సు వచ్చేసరికే అంతా అయిపోయింది. అంత్యక్రియల దగ్గర అందరిదీ ఒకటే మాట, "అనాయాస మరణం, ఎవర్నీ ఇబ్బంది పెట్టలేదు" అని. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

మేము ఆస్ట్రేలియా వచ్చి, సిడ్నీ శివార్లలోని కెల్లీవిల్‌కి వచ్చిన కొత్తలో ఈ దేశపు వైద్యం లెక్కలు నేర్పింది ఆయనే. రిటైరైన ఇంజనీరు. మా అబ్బాయి చెవినొప్పికి స్పెషలిస్టు దగ్గరికి వెళ్ళొచ్చి, బిల్లు చూసి నేను లబోదిబోమంటుంటే, కంచె మీదుగా కరివేపాకు అందిస్తూ పాఠం మొదలుపెట్టారు.

"చూడమ్మా, డాక్టర్ ఫీజులో మెడికేర్, అంటే ఇక్కడి గవర్నమెంటు ఇన్సూరెన్సు, కొంతే వెనక్కిస్తుంది. మిగతా గ్యాప్ మనదే. ఆ గ్యాపులన్నీ ఒక డ్రమ్ములో పోస్తున్నామనుకో. అది నిండేదాకా మన జేబు. నిండాక, ఆ ఇయర్ ఎండ్ దాకా వాళ్ళు ఎక్కువిస్తారు. జనవరి ఒకటిన డ్రమ్ము బోర్లించేస్తారు. మళ్ళీ మొదటికి."

"ఇంట్లో అందరివీ కలుస్తాయా అంకుల్?"

"ఫ్యామిలీగా రిజిస్టర్ చేసుకుంటేనే. ఒకే కార్డు మీదున్నాం కదా అని ఊరుకుంటే ఎవరి డ్రమ్ము వాళ్ళదే."

ఎవరింట్లో బార్బెక్యూ విందు అయినా ప్లేట్లు పట్టుకుని ఆయన చుట్టూ చేరేవాళ్ళం. అడిగిందే అడిగినా విసుక్కోకుండా చెప్పేవారు. ఆ మేలు నేను మరిచిపోలేదు.

ఆ లెక్కే ఆయన్ని మింగింది. నవంబరు ఆఖర్లో మెట్లెక్కుతుంటే ఛాతీ బరువుగా ఉందని జీపీ దగ్గరికి, అంటే ఎప్పుడూ చూసే ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి వెళ్ళారట. ఆ డాక్టరు గుండె స్పెషలిస్టుకు రాసిచ్చి, ఆలస్యం చేయొద్దన్నారట. ఆ వారమే ఖాళీ ఉందన్నా ఈయన జనవరికి పెట్టించుకున్నారు. ఆయన పోయాక వాళ్ళావిడ, ఆంటీ, చెప్పారు.

"ఇప్పుడు పోస్తే నిండదు, నెల తిరగ్గానే బోర్లిస్తారు అన్నారమ్మా. జనవరిలో ఇద్దరం కలిసి స్టార్ట్ చేస్తే త్వరగా నిండుతుందట. నా ఆయాసానికి రాసిన స్కాను కూడా అప్పుడే బుక్ చేశారు."

డబ్బు లేక కాదు. ముహూర్తాలు చూసేవాళ్ళను జీవితమంతా ఆటపట్టించిన మనిషి, తన గుండెకు జనవరి ముహూర్తం పెట్టుకున్నారు. నాకు ఆయన మీద కోపం. పెద్దవాళ్ళ జబ్బులను కేలండరుకు కట్టేసిన ఆ నిబంధన మీద అంతకన్నా కోపం. క్రమశిక్షణ గల మనిషని ఆయన్ని పొగిడేవాళ్ళను చూస్తే మరీ కోపం.

కర్మలయ్యాక క్లినిక్కుకి ఫోన్ చేసి ఆంటీ స్కాను ముందుకి మార్పించాను.

"ఆయన జనవరి అన్నారు కదమ్మా, లెక్క తప్పుతుందేమో" అన్నారు ఆవిడ.

"తప్పనివ్వండి ఆంటీ. కారెక్కండి" అన్నాను. గొంతు గట్టిగానే వచ్చింది.

క్లినిక్కు కౌంటరు దగ్గర ఆవిడ ఆకుపచ్చ మెడికేర్ కార్డు తీశారు. ఇన్నేళ్ళూ అది ఆయన జేబులోనే ఉండేదట. మొదటి వరసలో ఆయన పేరు, రెండో వరసలో ఆవిడది.

"ఇందులో మీరెవరు?" అని ఇంగ్లీషులో అడిగింది కౌంటరు వెనక అమ్మాయి.

ఆంటీ రెండో పేరు కింద వేలు పెట్టి, తీయకుండా అలాగే ఉంచేశారు.