ఇరవై నాలుగు కోర్లు, ఒక్క కుర్చీ

పాల్వంచలో కంప్యూటర్లు అమర్చి అమ్మే దుకాణం నాది. ఇరవై ఏళ్లుగా ఇదే పని. ఈ పని నాకు తెలిసినంతగా చుట్టుపక్కల ఎవరికీ తెలియదని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఇప్పటికీ పెద్దగా తగ్గలేదు. ఒక్కసారి మాత్రం బాగా దెబ్బతింది. దాచుకోవడం నా స్వభావం కాదు కాబట్టి చెబుతున్నాను.

దుకాణానికి వచ్చేవాళ్లు ముందు అడిగే మాట ఒకటే, కోర్లెన్ని అని. ప్రాసెసర్ లోపల పనిచేసే చేతుల్లాంటివి ఈ కోర్లు. ఎకరాలెన్ని అని అడిగినట్టే అడుగుతారు. ఆ నేలలో బోరు వేస్తే నీళ్లు పడతాయా అని ఎవరూ అడగరు. వాళ్లననడం దేనికి, నేను కూడా అలాగే అమ్మాను.

ఆ రోజుల్లో నా బల్ల మీద రెండు ప్రాసెసర్లు పెట్టి ఉంచేవాణ్ణి. ఒకటి ఇళ్లలో, ఆఫీసుల్లో డెస్క్‌టాప్‌లకు వేసే మామూలుది, బిస్కెట్టంత ఉంటుంది, ఆరు కోర్లు. రెండోది సర్వర్లకు వేసేది. మొదటిదానికి రెట్టింపు సైజు, అరచేతిలో పెడితే బరువు తెలుస్తుంది, ఇరవై నాలుగు కోర్లు. వచ్చిన ప్రతివాడి చేతిలో ఈ రెండోది పెట్టి వాడి మొహం చూడడం నాకు సరదా.

ఆ సర్వర్ ప్రాసెసర్ మీద నాకు భక్తి ఉండడానికి కారణం మా నాన్న. ఆయన థర్మల్ ప్లాంటులో షిఫ్టు ఉద్యోగి. పండగైనా, జ్వరమైనా, చుట్టాలొచ్చినా ప్లాంటు ఆగకూడదు అన్నదే మా క్వార్టర్‌లో నీతి. అది వింటూ పెరిగినవాణ్ణి కనుక ఆగకుండా నడిచే యంత్రమంటే నాకు గౌరవం. సర్వర్ ప్రాసెసర్‌ను చేసిందే ఏళ్ల తరబడి ఆపకుండా నడపడానికి. దానికి వేసే మెమరీ కూడా వేరు, లోపల ఒక అక్షరం తప్పుపడితే కనిపెట్టి దిద్దుకుంటుంది. కొత్తది కొనాలంటే మనలాంటివాళ్లు ధర అడగడానికే జంకే సరుకు. హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసులు తీసేసిన సర్వర్ల నుంచి సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుందని తెలిసి నేనే వెళ్లి ఏరి తెచ్చుకున్నాను.

మాఘమాసం ముహూర్తాలకు ముందు ఒకామె వచ్చింది. భద్రాచలం వంతెన దాటి చర్ల రోడ్డులో పోయి, లోపలికి తిరిగితే వచ్చే గూడెం ఆమెది. పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తుంది. మూడేళ్లు ఖమ్మంలో హాస్టల్లో ఉండి ఓ స్టూడియోలో పనిచేసింది. ఇంటి దగ్గర భర్త వ్యవసాయం చూసుకుంటాడు, కూతురు అత్త దగ్గర పెరుగుతోంది. నెలకోసారి ఇంటికి పోతే ఆ పిల్ల మొదటి పూట దగ్గరికే రాదని, రెండో పూటకు అలవాటయ్యేసరికి తిరుగు బస్సు టైమవుతుందని నవ్వుతూనే చెప్పింది. ఇప్పుడు ఆ స్టూడియో ఓనరు ఇంటి దగ్గరే పని చేసుకొమ్మని ఒప్పుకున్నాడు. కాకపోతే ఒక షరతు పెట్టాడు. మొదటి పెళ్లి సినిమా పదహారో రోజుకు చేతికి రావాలి. రాకపోతే మళ్లీ ఖమ్మం, మళ్లీ హాస్టల్.

పదహారో రోజు సంగతి మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. పెళ్లయిన పదహారు రోజులకు పండగ చేస్తారు. రెండు వైపుల చుట్టాలూ మళ్లీ కలుస్తారు, భోజనాలయ్యాక పెద్ద టీవీ పెట్టి పెళ్లి సినిమా వేస్తారు. తాళి కట్టడం ఎవరూ అంత శ్రద్ధగా చూడరు. అక్షింతలు వేయడానికి స్టేజీ ఎక్కినవాళ్లలో తాను కనపడ్డాడా లేదా అన్నదే ప్రతివాడికీ కావాలి. కనపడని మేనత్త ఆ ఇంటి గడప మళ్లీ తొక్కకపోయినా ఆశ్చర్యం లేదు. ఇవన్నీ నాకు తెలుసు. మా చిన్నాన్న మా పెళ్లి సినిమాలో వీపు మాత్రమే కనపడిందని నాలుగేళ్లు మాతో మాట్లాడలేదు. అయినా ఆ రోజు నాకు ఆ తెలివి ఉపయోగపడలేదు.

ఆమెకు రెండు కంప్యూటర్లు పక్కపక్కన పెట్టి చూపించాను. ఒకదానిలో మామూలు ప్రాసెసర్. అది నేను దుకాణంలో బిల్లులకు వాడుకునే నా సొంతది. ఇంకోదానిలో సర్వర్‌ది. ఎడిటింగ్ పూర్తయిన ఒక పెళ్లి సినిమాను రెండింటిలోనూ ఒకేసారి ఎక్స్‌పోర్ట్‌కు పెట్టాను. అంటే కోతలన్నీ అయ్యాక మొత్తాన్ని ఒక్క ఫైలుగా పోత పోయడం. దుకాణాల్లో అందరం ఇలాగే పరీక్ష చేస్తాం. దుకాణంలో ఉన్నది ఒక్క కుర్చీ, దాంట్లో నేను కూర్చున్నాను. ఆమె నిలబడి చూసింది. ఇరవై నాలుగు కోర్లూ ఒక్కసారిగా పనిలోకి దిగాయి. మామూలుది సగం దారిలో ఉండగానే సర్వర్‌ది ముగించింది. నేను మీసం తిప్పలేదు కానీ తిప్పినంత పని చేశాను.

ఆమె ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "ఇది మంచిగనే ఉన్నదన్నా. కోసేటప్పుడు ఎట్లుంటది?"

ఇన్ని చేతులున్నదానికి కొయ్యడం ఒక లెక్కా అన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. అడగనివ్వలేదనడమే నిజం.

ఆమె సర్వర్‌దే కొనుక్కుపోయింది. ఆ మొదటి పెళ్లి అయింది. నాలుగో రోజుకు షూటింగ్ ఫైళ్లు ఆమె చేతికొచ్చాయి. ఏడో రోజు ఫోన్ వచ్చింది, కోస్తుంటే బొమ్మ కదలకుండా పట్టుకుంటోందని. మీ ఊళ్లో వోల్టేజీ సరిగా లేదన్నాను. తొమ్మిదో రోజు మళ్లీ చేసింది. దుమ్ము పడి ఉంటుంది, మూత తీసి దులపమన్నాను. పదో రోజు చేసినప్పుడు నీకు చేతకావడం లేదేమోనన్న మాట కూడా జారాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అంటారే, అచ్చంగా అదే. ఆమె మెల్లగా అంది.

"అన్నా, ఇంక ఆరు దినాలే ఉన్నయి. మీరే వచ్చి నా కుర్చీల కూసోని చెయ్యుండ్రి. మంచిగ నడిస్తే తప్పు నాదని ఒప్పుకుంట."

పదకొండో రోజు పొద్దున్నే బండి తీశాను. సాయం చేద్దామని కాదు, ఆమె తప్పు నిరూపిద్దామని. గోదావరికి దండం పెట్టుకోవడానికి వంతెన మీద కూడా ఆగలేదు. దారంతా ఆమెకు చెప్పబోయే పాఠం వల్లించుకుంటూనే పోయాను.

పెంకుటింట్లో పక్క గదిని శుభ్రంగా పెట్టుకుంది. బల్ల మీద నా సర్వర్ కంప్యూటర్ రైలింజన్‌లా హోరుమంటోంది. పక్కన ఒక లాంగ్ నోట్‌బుక్. దాంట్లో అబ్బాయి వైపు, అమ్మాయి వైపు అని రెండు భాగాలు చేసి అక్షింతలు వేసినవాళ్ల గుర్తులు రాసుకుంది: ఎర్ర శాలువా పెద్దాయన, కర్ర పట్టుకున్న అవ్వ, కవల పిల్లలు. నాలుగు వందల పైనే ఉన్నారు. ఒక్కొక్కరి దగ్గర ఆపి, మొహం సరిగ్గా కనపడే క్షణం వెతికి, అక్కడ కోసి, తర్వాతి మనిషికి పోవాలి. మూడు కెమెరాల్లో ఏది బాగుందో చూసి తీసుకోవాలి. చూసి టిక్కు పెట్టుకోవాలి. అప్పటికి నోట్‌బుక్‌లో నాలుగో వంతు కూడా టిక్కులు పడలేదు.

నన్ను కూర్చోబెట్టింది. వాకిట్లో చింతపండు గింజ తీస్తున్న అత్త తలుపు దగ్గరికి వచ్చి కోయ భాషలో ఏదో అని నవ్వింది. ఏమంటోందని అడిగాను. నేను కోపంగా ఉన్నానని, కుర్చీ విరగ్గొడతానేమో చూసుకొమ్మని అంటోందట.

నొక్కాను. బొమ్మ కదలలేదు. ఒక్క క్షణం ఆగి దూకింది, కావలసిన మొహం దాటిపోయింది. వెనక్కి జరిపాను. మళ్లీ ఆగింది. ఒక్కొక్కసారి ఆగేది సెకనో సెకనున్నరో, అంతే. కానీ ఒక్క మనిషి కోసం పాతికసార్లు నొక్కాలి. గంట చేశాను. పదకొండు మంది అయ్యారు. కర్ర పట్టుకున్న అవ్వ దగ్గర మాత్రం నాకు తల ప్రాణం తోకకు వచ్చింది.

అప్పుడు కోర్ల పనితీరు చూపించే గళ్లు తెరిచాను. మొత్తం ఇరవై నాలుగు గళ్లు. ఒక్క కోరు చెమటలు కక్కుతోంది, మిగతా ఇరవై మూడూ గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాయి. ఆమె చేసే పని ఒకదాని వెనక ఒకటి జరగాల్సిన పని. పంచిపెట్టడానికి లేదు. పంచలేనప్పుడు ఉన్న ఒక్క చేయి ఎంత చురుకైనదన్నదే లెక్క. సర్వర్ ప్రాసెసర్‌లో ఒక్కో కోరు నిదానం. అన్నీ కలిసి కొండను మోస్తాయి కానీ ఏ ఒక్కటీ పరిగెత్తదు. పైగా మామూలు ప్రాసెసర్‌లో కెమెరా వీడియోను విప్పి చూపడానికే ఒక చిన్న భాగం ఉంటుంది. సర్వర్‌దాంట్లో అది ఉండదు. సర్వర్ ముందు కూర్చుని బొమ్మ చూసేవాళ్లెవరూ ఉండరని చేసినవాళ్లు పెట్టలేదు. తెర వెలగడానికి నేను తగిలించిన పాత డిస్‌ప్లే కార్డుకు ఈ కొత్త కెమెరాల వీడియో అర్థమే కాదు.

ఇందులో నాకు తెలియనిది ఒక్కటీ లేదు. తెలిసి కూడా ఎక్స్‌పోర్ట్ ఎంతయిందో చూపే గీతను చూసి అమ్మాను. మరి ఎక్స్‌పోర్ట్ అప్పుడు నువ్వేం చేస్తావని అడిగాను.

"అదెంత సేపైతే నాకేందన్నా? అది పెట్టి వంట చేసుకుంట. నా పనంత దానికన్న ముందటనే ఉన్నది."

సిగ్గేసింది. మాట వరసకు అనడం లేదు, చెవులు వేడెక్కేంత సిగ్గేసింది. తప్పు నాదన్నాను. నా నోటి నుంచి ఆ మాట విన్నవాళ్లు మా ఇంట్లోనే తక్కువ. ఆమె మాత్రం గెలిచినట్టు మొహం పెట్టలేదు. నోట్‌బుక్ వైపు చూసి, ఇంక ఐదు రోజులే అంది.

పన్నెండో రోజు పొద్దున మొదటి బస్సులో నా బిల్లుల కంప్యూటర్‌ను ఒళ్లో పెట్టుకుని పోయాను. పరీక్షలో ఓడిపోయిన ఆ ఆరు కోర్లదే. అమర్చి, ఈసారి నేను నిలబడి, ఆమెను కూర్చోమన్నాను. ఆమె వేలు కదిలితే బొమ్మ కదిలింది. వేలు ఆగితే ఆగింది. అరగంటలో ముప్ఫై మందికి టిక్కులు పడ్డాయి. ఆమె ఒక్కసారి కూడా నా వైపు తిరగలేదు. ఇక నాకక్కడ పని లేదని తెలిసి, అత్త ఇచ్చిన టీ తాగి, సర్వర్‌ను ఒళ్లో పెట్టుకుని తిరుగు బస్సెక్కాను. ఆ బరువు ఆ రోజు చేతికి బాగా తెలిసింది.

పదహారో రోజు సాయంత్రం ఫోన్ వచ్చింది. నేను ఎత్తగానే ఒక్క మాటే అంది. "ఎవ్వరు అలగలే అన్నా."

ఆ ఏడాది ఆమెను ఎవరూ ఖమ్మం పిలవలేదు. నేను దుకాణంలో రెండో కుర్చీ కొన్నాను. అప్పటి నుంచి నా దగ్గర కంప్యూటర్ కొనేవాళ్లు ముందు ఆ కుర్చీలో కూర్చుని, తమ పని తాము తెచ్చుకుని, గంటసేపు చేసి చూడాల్సిందే. తొందరపడేవాళ్లను నేనే కసిరి కూర్చోబెడతాను. కోర్లెన్ని అని అడిగితే మీరు చేసే పనేంటని ఎదురడుగుతాను. సర్వర్ మాత్రం గుడ్డ కప్పుకుని మూల ఉండిపోయింది. అమ్మబుద్ధి కాలేదు. అది చెడ్డది కాదు, నేను తప్పు ఇంటికి పంపాను, అంతే.

రెండేళ్ల తర్వాత, ఈ మధ్యనే, ఆమె మళ్లీ దుకాణానికి వచ్చింది. వెంట ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు. ఇద్దరూ ఖమ్మం హాస్టల్ ఖాళీ చేసి వచ్చినవాళ్లే, ఇప్పుడు ఆమె ఇంట్లో కూర్చుని ఎడిటింగ్ చేస్తున్నారు. ఎవరి డెస్క్‌టాప్ వాళ్లకుంది. ఫైళ్లన్నీ ఒక్కచోట ఉండి ముగ్గురికీ అందాలి. ముగ్గురు పంపే ఎక్స్‌పోర్ట్‌లు వీళ్లు తర్వాతి పెళ్లి కోసుకుంటుండగానే ఆగకుండా నడవాలి. ఆ పెద్దది ఇంకా ఉన్నదా అని అడిగింది.

గుడ్డ తీశాను. పొగడ్త ఒక్కటి కూడా నోట్లోంచి రానివ్వలేదు. ఆమె అడగకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది. సంచిలోంచి డ్రైవ్ తీసింది, మూడు సినిమాలు ఒకేసారి ఎక్స్‌పోర్ట్‌కు పెట్టింది. మిగతా ఇద్దరిలో ఒకరిని నా కుర్చీలో, ఇంకొకరిని స్టూలు మీద కూర్చోబెట్టి, దుకాణంలోని వేరే కంప్యూటర్ల మీద దాన్నుంచి ఫైళ్లు లాగమంది. నేను నిలబడ్డాను. గళ్లు తెరిచి చూస్తే ఇరవై నాలుగూ నిండుగా పనిచేస్తున్నాయి. మా నాన్న ఉంటే చూపించాలనిపించింది.

గంట దాటాక ఆమె లేచి డ్రైవ్ పీకి సంచిలో వేసుకుంది. "ఇది మాకు సరిపోతది. తీస్కపోతం," అంది. తర్వాత కుర్చీ వీపు మీద చెయ్యి పెట్టి, కోపమేమీ లేకుండా అంది. "ఆ దినమే నన్ను గిట్ల కూసోబెట్టి ఉంటే, మీకు అంత దూరం వచ్చే పనే లేకుండె కదన్నా."

అవునమ్మా అన్నాను. సర్వర్‌ను బస్టాండు దాకా నేనే మోసుకెళ్లాను.