కరెంటు తీసిన నీళ్లు

దివిసీమ నుంచి హైదరాబాదు చిక్కడపల్లిలో మా చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు ఒక సాయంత్రం గ్రంథాలయం ముందు అరుగు మీద కూర్చున్నాను. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు అక్కడ అటూ ఇటూ నడుస్తూ పైకే వల్లె వేస్తుంటారు. మా ఊళ్లో ఎవరైనా అలా తనలో తాను మాట్లాడుకుంటూ తిరిగితే ఇంట్లోవాళ్లు తాయెత్తు కట్టిస్తారు.

ఒక అమ్మాయి మాత్రం ఒకే వాక్యం దగ్గర మాటిమాటికీ ఆగిపోయి ఏడుపు మొహం పెట్టింది. పిలిచి ఏమిటని అడిగాను.

"తెల్లారితే పరీక్ష, అవ్వా. పోయినసారి గూడ ఇట్లనే మర్చిపోయిన. డ్యామ్ నీళ్లతోని కరెంటు ఎట్ల పుడతదో రాయాలె."

"అదేముందే? నీళ్లలోంచి కరెంటు లాగేస్తారు. అందుకే మా కాలవకు వచ్చే నీళ్లలో సత్తువ ఉండదు," అన్నాను. మా ఊళ్లో అందరూ అనే మాటే అది.

ఆ పిల్ల ఏడుపు మరిచి నవ్వేసింది. "అయ్యో, నీళ్లలకెల్లి ఏం తియ్యరు అవ్వా! నీళ్లను ఎత్తు మీద ఆపుతరు. పెద్ద గొట్టాలల్ల కిందికి వదిలితే జోరుగ దుంకి చక్రాన్ని తిప్పుతయి. దాంతోని జనరేటర్ తిరుగుతది, అండ్ల కరెంటు పుడతది. నీళ్లు నీళ్లలెక్కనే మీ కాల్వకొస్తయి."

"మరి నీళ్లకు పోయిందేమిటి? ఊరికే ఎవరిస్తారు?"

చెయ్యి పైనుంచి కిందికి దించి చూపించింది. "ఎత్తు పోయింది అవ్వా. కిందికి దిగినందుకే కరెంటు."

మూడో తరగతితో బడి మానేసిన నాకు కూడా అర్థమైంది. ఆ మాటే చెప్పాను.

చేతిలో పుస్తకం వంక భయంగా చూసుకుంది. "పుస్తకంల ఇట్ల లేదు."

"లేకపోతే రేపు నీ పేపర్లో ఉంటుంది. పో, పోయి అన్నం తిను," అన్నాను.