వసుంధర మేడమ్ చేతుల్లో బలం లేదన్నవాళ్లకి

నిన్న పొద్దున మేకప్ చైర్‌లో ఉన్నాను. మా ఫైట్ యూనిట్ గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది.

డాక్టర్ వసుంధర గారు ఇక లేరు. హార్ట్ ఎటాక్.

వేరే వసుంధర ఎవరో అయ్యుంటారులే అనుకున్నా. తర్వాత ఫొటో పెట్టారు.

సగం మేకప్‌తోనే ఆటో ఎక్కి శ్రీనగర్ కాలనీలో వాళ్లింటికి వెళ్లాను. దారంతా ఏడుస్తూనే ఉన్నా. ఇప్పుడు మాత్రం ఏడుపు లేదు, కోపం ఉంది.

నేనెవరో తెలియనివాళ్లకి చెప్తున్నా. నేను సినిమాల్లో హీరోయిన్లకి డూప్‌ని. వాళ్లు పడాల్సిన చోట నేను పడతాను. మేడమ్ వెన్నెముక సర్జన్. నా నడుం విరిగితే మళ్లీ నిలబెట్టింది ఆవిడే.

నిన్నటి నుంచి అందరి పోస్టులూ చూస్తున్నా. సౌమ్యురాలట, మృదుస్వభావి అట. ఎవరండీ ఆ మనిషి? నాకు తెలిసిన మేడమ్ మొండిఘటం.

వాటి మధ్యలో ఒక పెద్ద డాక్టర్ గారి పోస్ట్. "చేతుల్లో బలం లేకపోయినా మోటార్ సాయంతో చివరిదాకా సర్జరీలు నెట్టుకొచ్చారు" అట.

ఒళ్లు మండిపోయింది. అందుకే రాస్తున్నా.

నా నడుం విరిగిన రోజు ఫిల్మ్ నగర్ సెట్‌లో రోప్ షాట్, అంటే నడుముకి తాడు కట్టి గాల్లోకి లేపేది. మామూలుగా మా మనుషులే రోప్ లాగుతారు. ఆ రోజు మోటార్ పెట్టారు. అది ఆగాల్సిన చోట ఆగలేదు. నేను పడకూడని తీరులో పడ్డాను.

హాస్పిటల్‌లో మేడమ్ వచ్చి ఎముకలో స్క్రూలు వెయ్యాలన్నారు. మోటార్‌తో తిరిగే స్క్రూడ్రైవర్‌తో బిగిస్తానన్నారు.

నన్ను పడేసింది మోటారే కదా.

"మోటార్ వద్దు మేడమ్. మోటార్‌కి మనిషి సంగతి ఏం తెలుస్తది? చేత్తోనే బిగించుండ్రి" అన్నాను.

ఇంకొకరైతే నవ్వి సంతకం పెట్టమనేవారు. మర్నాడు ఆవిడ ఆ మోటార్‌నీ, ఒక ప్లాస్టిక్ వెన్నెముకనీ పట్టుకుని నా బెడ్ దగ్గరికి వచ్చారు. చూడ్డానికి మన ఇంట్లో గోడకి రంధ్రాలు కొట్టే డ్రిల్ లాగే ఉంది. ప్లాస్టిక్ ఎముకలో దారి ముందే చేసి పెట్టారు. స్క్రూ ఆనించి, మోటార్ నా చేతిలో పెట్టి, కింద తన చెయ్యి ఆసరా ఇచ్చారు.

"నొక్కు" అన్నారు.

నొక్కాను. స్క్రూ నెమ్మదిగా, నిటారుగా దిగింది. వేలు తీశాను. టక్కున ఆగింది. మళ్లీ నొక్కాను, మళ్లీ తీశాను. చిన్నపిల్లలా ఆడుకుంటూనే ఉన్నా.

"మోటార్ తిప్పుతుందమ్మా, అంతే. దారి ముందు నేను చేస్తాను, లోపల గోడలు బాగున్నాయో లేదో సన్నటి పుల్లతో తడిమి చూస్తాను, ఎక్స్‌రేలో చూస్తాను. ఎక్కడ ఆపాలో చెప్పేది నా చెయ్యే" అన్నారు.

ఆ తర్వాత అడక్కుండానే ఇంకో మాట చెప్పారు.

"ఏళ్ల తరబడి చేత్తో తిప్పి తిప్పి నా మణికట్టు అరిగింది. నిజమే. నొప్పితో తిప్పితే చెయ్యి ఊగుతుంది, మోటార్‌తో ఊగదు. అందుకే వాడుతున్నా. నమ్మకం కుదరకపోతే చెప్పు, చేత్తో బిగించే మంచి డాక్టర్‌ని నేనే పిలుస్తాను. ఏమీ అనుకోను."

తన నొప్పిని పేషెంట్‌కి చెప్పుకునే డాక్టర్‌ని నేను మళ్లీ చూడలేదు.

మాకో అలవాటు ఉంది. షాట్‌కి ముందు రోప్ పట్టేవాళ్ల చేతులు తాకి కళ్లకద్దుకుంటాం. మా ప్రాణం వాళ్ల చేతుల్లో ఉంటుంది కాబట్టి. మోటార్‌కి ఒప్పుకున్నాక, ఆపరేషన్ థియేటర్ లోపలికి తీసుకెళ్లేటప్పుడు ఆ సంగతి చెప్పి, చెయ్యి ఇవ్వమని అడిగాను. మేడమ్ రెండు చేతులూ ఇచ్చారు.

"ఇప్పుడు వదులు తల్లీ, మళ్లీ కడుక్కోవాలి" అని కసిరారు కూడా.

నేను నడిచాను. చాలా నెలలు ఆగాక పరిగెత్తాను. ఎత్తు మీంచి దూకొద్దని మేడమ్ గట్టిగా చెప్పారు. మిగతావన్నీ చెయ్యొచ్చన్నారు. కానీ యూనిట్‌లో ఎవరూ పిలవలేదు. నడుంలో స్క్రూలున్న మనిషితో మాకెందుకు రిస్క్ అన్నారు.

మేడమ్‌కి తెలిసింది. తిన్నగా మా ప్రాక్టీస్ గ్రౌండ్‌కే వచ్చేశారు. చీర కొంగు నడుంలో దోపుకుని ఫైట్ మాస్టర్ ముందు నిలబడ్డారు.

"ఫిట్ అని రాసిచ్చాను కదండీ. ఇంకా భయం ఉంటే అది మీ జబ్బు, నా పేషెంట్‌ది కాదు."

మాస్టర్ గడ్డం గోక్కుని "రేపటి నుంచి రా బిడ్డా" అన్నారు. ఈ రోజుకీ నేను ఈ పని చేసుకుని బతుకుతున్నా.

ఇప్పుడు చెప్పండి పెద్ద డాక్టర్ గారూ. ఏది నెట్టుకురావడం? చేత్తో బిగించేవాళ్లు తక్కువని నేననను. కానీ అరిగిన చేతిని దాచుకోకుండా, పేషెంట్‌కి ఏది మంచిదో అది ఎంచుకోవడాన్ని మా భాషలో బలం అంటారు.

ఇవాళ పొద్దున అంత్యక్రియలు. పాడె ఎత్తేటప్పుడు నేనూ ముందుకెళ్లాను. ఒక పెద్దాయన అడ్డొచ్చారు.

"ఆడపిల్లలు మొయ్యకూడదమ్మా. అందులోనూ నీ నడుంలో స్క్రూలున్నాయంట కదా."

మేడమ్ తమ్ముడు గారు పక్కకి జరిగి తన చోటు నాకిచ్చారు.

"అక్క చేసిన పని మీద నాకు అనుమానం లేదండీ. పట్టుకో అమ్మా" అన్నారు.

పట్టుకున్నాను. చితి దాకా మోశాను. మధ్యలో ఎవరో భుజం మారతామన్నారు, ఇవ్వలేదు. నా నడుం చెక్కు చెదరలేదు.

వెళ్లి రండి మేడమ్. అక్కడ ప్రశాంతంగా ఉండండి. ఇక్కడ మిమ్మల్ని ఎవరైనా ఏమైనా అంటే నేను చూసుకుంటాను.